సోమ్లి పెట్టెలోని నీలం

"టీచరమ్మా, ఈ నడుమ నీలం రంగు చేసుడు బంద్ చేసిండ్రా ఏంది?"

పిల్లలూ, ఇరవై ఆరేళ్లుగా బళ్లో సైన్సు చెబుతున్నాను. ఆకాశం నీలంగా ఎందుకుందని అడిగినవాళ్లున్నారు. సబ్బు పచ్చగా ఉంటే నురగ తెల్లగా ఎందుకొస్తుందని అడిగి, నిండు క్లాసులో నేను నీళ్లు నమిలేలా చేసినవాళ్లూ ఉన్నారు. కానీ లోకంలో నీలం తయారు చేయడమే మానేశారా అని అడిగింది సోమ్లి ఒక్కతే. అప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. తల కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఈ సంగతి ఇప్పుడు మీకు ఇంత సిగ్గుపడుతూ చెప్పాల్సి వచ్చేది కాదు.

నా పేరు ఉదయశ్రీ. అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా హైస్కూలు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బళ్లో అందరూ అనుకుంటారు. నా ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. అనేది ఒక్క సోమ్లే. మా బళ్లో మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. బడి వెనక తండా నుంచి పొద్దున్నే వస్తుంది, కట్టెల పొయ్యి ముందు కూర్చుంటుంది, రెండొందల మందికి వండుతుంది. గుడ్డు తినకుండా లేచిన పిల్లవాడి వెంట గరిటె పట్టుకుని గ్రౌండంతా పరుగెడుతుంది. అరవై దాటినా ఆ పరుగు తగ్గలేదు. లంబాడీల కుచ్చుల లంగా, అద్దాల రవిక ఇప్పటికీ రోజూ వేసుకునేవాళ్లు ఆ తండాలో నలుగురైదుగురే మిగిలారు. అందులో సోమ్లి ఒకతి. ఆ రవిక మీది ప్రతి కుట్టూ, ప్రతి అద్దం ఆవిడ చేతిదే.

సరే, ఆ రోజు సంగతి. అది ఆరేళ్ల కిందటి మాట. నేను పేపరు మీద నుంచి కళ్లు తిప్పకుండానే, "ఎందుకు ఆపుతారు సోమ్లక్కా, బోలెడంత నీలం దొరుకుతోంది," అన్నాను.

"ఏడ దొరుకుతున్నది? సంతల సీతయ్య నీలమని ఇస్తున్నడు, చూస్తే మసి లెక్కున్నది. సరే, గది పోనీ. నా దగ్గర పాత గుడ్డ ఉన్నది. దాని మీది నీలం గుడ సచ్చిపోతున్నది. ఎందుకు?"

"ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. పెట్టెలో పెట్టి చీకట్లో దాచెయ్యి. మాటిమాటికీ తియ్యకు."

"తియ్యకుంటే ఆగుతదా?"

"ఆగుతుంది."

"నిజంగనా, టీచరమ్మా?"

"నిజమే తల్లీ! నీ సాంబారు మాడుతున్నట్టుంది, వెళ్లి చూసుకో."

వెళ్లిపోయింది. ఆ గుడ్డ ఏమిటని నేను అడగలేదు. చెప్పిన సైన్సు మాత్రం తప్పు కాదు, అదే నా బాధ. దారానికి రంగు వేసినప్పుడు ఆ రంగు కణాలు దారాన్ని పట్టుకుని ఉంటాయి. ఎండలోని వెలుగు రోజూ వచ్చి పడుతుంటే ఆ కణాలు కొంచెం కొంచెంగా విరిగిపోతాయి. అందుకే కిటికీ పక్కన కట్టిన పరదాకి ఎండ వైపు వెలిసిపోతుంది, మడతల్లో మాత్రం కొత్తగా ఉంటుంది. మీ ఇంట్లో పరదా ఉంటే మడత విప్పి చూడండి. అంతా కరెక్టే. అడిగిన మనిషి మొహం చూడకుండా చెప్పిన కరెక్టు జవాబు అది.

ఆ గుడ్డ సంగతి నాకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను.

సోమ్లికి సోని అని ఒక కూతురు ఉండేది. ఒక్కతే కూతురు. అమ్మ కుడుతుంటే పక్కన కూర్చుని నాకూ సూది కావాలని పేచీ పెట్టేది. నీళ్ల బిందె మోయడానికి నెత్తి మీద పెట్టుకునే కుదురు ఉంటుంది కదా, తండాలో దానికి వెనకవైపు అద్దాలు కుట్టిన గుడ్డ ఒకటి వేలాడుతుంది. సోమ్లి ఆ గుడ్డ ముక్క ఒకటి ఇచ్చి, అంచు వెంట అడ్డం నిలువు కుట్లు వేయమంది. పెట్టెలో ఎన్ని రంగులున్నా ఆ పిల్లకి నీలమే కావాలి. ఎర్ర దారం చేతికిస్తే విసిరి కొట్టేది. నీలంతో అంచు వెంట వంకర టింకరగా కుట్టుకుంటూ పోయింది. సగం దాటింది. ఆ వానాకాలం అడవి జ్వరం వచ్చింది. దవాఖానాకి తీసుకెళ్దామంటే వాగు పొంగి ఉంది. వాగు తగ్గేసరికి సోని లేదు. అప్పటికి ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. ఫోటో అన్నది ఒక్కటి కూడా లేదు.

పిల్ల వస్తువులన్నీ పిల్లతోపాటే మట్టిలో పెట్టాలన్నారు పెద్దలు. సోమ్లి భర్త దేవ్లా ఆ పిల్ల గాజులు, లంగా, పలక అన్నీ ఏరి తెచ్చి పెట్టాడు. ఆ గుడ్డ మాత్రం సోమ్లి నడుముకి చుట్టుకుని పైన లంగా కట్టేసుకుంది. మొగుడికి చెప్పలేదు. తండాలో ఎవరికీ చెప్పలేదు. ట్రంకు పెట్టె అడుగున దాచి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుంది. దేవ్లా పొలం పోయినప్పుడు తీసి చూసుకునేది. ముప్పై ఏళ్లలో ఆ గుడ్డని ఆమె కళ్లు తప్ప వేరే కళ్లు చూడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎనిమిదేళ్ల కింద పెట్టెలో ఎలుక దూరింది. సోని కుట్లను అక్కడక్కడా కొరికేసింది. సోమ్లి పెట్టె తీసి చూసుకుంది. మిగిలిన దారంలోంచి పోగు ఒకటి తీసుకుని, కొంగున ముడేసుకుని, సోమవారం సంతలో దారాలమ్మే సీతయ్య దగ్గరికి వెళ్లింది. కుప్పలోంచి తనే ఒక ఉండ ఏరింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. అచ్చం ఒకటే రంగు.

సీతయ్య నవ్వాడట. "అది నీలం, ఇది నలుపు. రెండూ ఒకటెట్లయితయే?"

"నాకు రంగులు నేర్పుతవా నువ్వు? పుట్టిందే రంగుల్ల పుట్టిన నేను! మస్తు పిరం ఉన్నది అంటగట్టి పైసలు గుంజుదామని చూస్తున్నవ్, నాకెర్కలేదా!"

సీతయ్యకి ఆమె నోటితో పెట్టుకునే ఓపిక లేదు. ఇచ్చేశాడు. సోమ్లి ఇంటికొచ్చి, ఎలుక కొరికిన చోటల్లా కుట్టింది. తన నేర్పు చూపించలేదు. తొమ్మిదేళ్ల పిల్ల ఎలా కుడుతుందో అలా, కావాలనే వంకరగా కుట్టింది. చెయ్యి ఆగక, సోని ఆపేసిన దగ్గర్నుంచి అంచు చివరిదాకా కూడా అదే వంకరతో కుట్టేసింది. మొదట్లో కొత్త దారం మెరుపు చూసి తనవి ఏవో, పిల్లవి ఏవో పోల్చుకునేది. రెండేళ్లకి ఆ మెరుపు పోయింది. ఇక ఎంత చూసినా తెలియలేదు. బిడ్డ చేతి గుర్తు అని ఉన్నది అదొక్కటే. దాన్ని తన చేత్తో తానే చెరిపేసినట్టయింది. దానికి తోడు ఆ నీలం కూడా ఏటేటా మసకబారిపోతోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నా దగ్గరికొచ్చి అడిగింది. చీకట్లో దాచెయ్యమని నేను చెప్పాను. ఆ రోజు పెట్టె అడుక్కి నెట్టిన ఆ గుడ్డని ఆరేళ్లు బయటికి తియ్యలేదు.

ఇక మా బళ్లో డ్రమ్ముల గొడవ. పోయిన ఏడాది వంటగది పక్కన రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టాం. నీలం డ్రమ్ములో తాగే నీళ్లు, నల్ల డ్రమ్ములో గిన్నెలు కడిగే బోరు నీళ్లు. ఒకరోజు పిల్లల గ్లాసుల్లో బోరు నీళ్లు! నాకు ఒళ్లు మండిపోయింది.

"సోమ్లక్కా, కళ్లు నెత్తికెక్కాయా? నీలం దాంట్లోవి కదా పొయ్యాలి!"

"రెండూ నల్లయే తెచ్చి పెట్టి నన్నంటవేంది? నీలం డ్రమ్ము ఏడున్నది, చూపియ్యి!"

మొండితనం అనుకున్నాను. ఇంకో నాలుగు మాటలు అందామని దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నపు ఎండ సూటిగా ఆమె మొహం మీద పడుతోంది. అప్పుడు చూశాను ఆ కళ్లని, పదహారేళ్లు ఒకే బళ్లో పనిచేశాక. కంటి మధ్య నల్లగా ఉండాల్సిన గుండ్రం టీ డికాక్షను రంగులో ఉంది. రెండు కళ్లూ అంతే.

మన కంటి లోపల చిన్న పప్పుబద్దంత కటకం ఉంటుంది. గాజులా తేటగా ఉంటుంది. వెలుగంతా అందులోంచే లోపలికి పోవాలి. వయసు మీద పడితే అది పచ్చబడుతుంది. ఎండ, పొగ ఎక్కువ తగిలినవాళ్లకి ఈ మార్పు ఇంకా త్వరగా రావచ్చు. ఇన్నేళ్ల కట్టెల పొయ్యి! ముదిరితే గోధుమ రంగుకి తిరుగుతుంది. శుక్లం అంటారు దాన్ని. ఇప్పుడు అసలు సంగతి వినండి. పసుపు అద్దం పసుపునీ ఎరుపునీ బాగానే పోనిస్తుంది. నీలాన్ని మాత్రం ఆపేస్తుంది. నీలం దారం ఏం చేస్తుందంటే, మీద పడిన తెల్ల వెలుగులోని మిగతా రంగుల్ని చాలావరకు మింగేసి నీలాన్ని మనకి తిరిగి ఇచ్చేస్తుంది. ఆ నీలాన్నే కన్ను గుమ్మం దగ్గర ఆపేస్తే లోపలికి పోవడానికి ఇంకేం మిగలదు. ఏ వెలుగూ రాని చోటు మనకి నలుపుగా కనిపిస్తుంది. నీలం డ్రమ్ము నల్లబడింది అందుకే.

"కంటి ఆపరేషను చేయించుకో," అన్నాను.

"నా కండ్లకేమైంది? మిరపకాయ ఎర్రగనే కనపడ్తున్నది. ఇగో, మోదుగులు పూసినయ్, ఎంత మంచిగ కనపడ్తున్నయ్! కండ్లే పోతే అన్ని రంగులూ పోవాలె గదా. నీలమొక్కటే ఎట్ల పోతది?"

చదువుకోకపోయినా సరైన ప్రశ్నే వేసింది. మోదుగ పువ్వు కాషాయం, మిరపకాయ ఎరుపు. పసుపు అద్దం వాటి జోలికి పోదు. అందుకే ఆమె కన్ను బాగుందని, లోకమే చెడిందని అనుకుంది. పైగా ఇది ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. ఇంట్లో పిల్ల రోజూ ఎదుగుతున్నా తల్లికి తెలియదు చూడండి, అలా వస్తుంది. మెదడు కూడా సర్దుకుపోతుంది. తెల్ల చీర తెల్లదే అని తనకి తాను చెప్పుకుంటూ ఉంటుంది.

ఒప్పించడానికి నెల పట్టింది. చివరికి, "కన్ను బాగైతే సీతయ్య దారాల్లో నీలం ఉందో లేదో నువ్వే తేల్చుకోవచ్చు," అంటే దిగొచ్చింది. ఖమ్మం కంటి దవాఖానాకి నేనే తీసుకెళ్లాను. ముందు కుడి కన్ను. పచ్చబడ్డ కటకం తీసి తేటగా ఉండే చిన్న కటకం పెట్టారు. తెల్లారి కట్టు విప్పారు.

సోమ్లి మంచం మీద లేచి కూర్చుంది. గోడని చూసింది. డాక్టరమ్మ తెల్ల కోటుని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఓయమ్మో! నీ చీర గింత నీలమా? రోజూ కట్టే చీరేనా ఇది?"

"ఆ చీరే. నువ్వు వండేటప్పుడు నీ ఎదురుగా కూడా ఇదే కట్టేదాన్ని."

కుడి కన్ను మూసింది, ఎడమ కన్ను తెరిచింది. మళ్లీ మార్చింది. "ఈ కంటికి గోడ తెల్లగ. ఈ కంటికి చాయ్ ఒలికినట్టు," అంటూ చిన్నపిల్లలా ఆడుకుంది. డాక్టరమ్మ నవ్వింది. వార్డులో అందరూ నవ్వారు. ఉన్నట్టుండి సోమ్లి నవ్వు ఆగిపోయింది.

బస్సులోనే నాకు ఈ సంగతంతా చెప్పింది. సోని, వాగు, నడుముకి చుట్టుకున్న గుడ్డ, ఎలుక, వంకర కుట్లు. నల్ల అద్దాలు పెట్టుకుని, ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పింది. చివర్లో అంది, "చీకట్ల పెట్టుమని నువ్వే చెప్పినవ్ గదా. పెట్టిన. ఆరేండ్లు చూడలే. మనసు గుంజుతుండె. చూస్తే ఉన్న రంగు గుడ పోతదేమోనని చూడలే."

పిల్లలూ, నాకు ఏడుపొచ్చింది. ఆరేళ్లు ఒక తల్లి తన బిడ్డ గుర్తుని చూసుకోకుండా ఉండిపోయింది. నేను తల ఎత్తకపోవడం వల్ల! ఆ రోజు ఒక్కసారి ఆమె కళ్లలోకి చూసి ఉంటే, గుడ్డ కాదు సోమ్లక్కా, నీ కన్ను, అని చెప్పి ఉండేదాన్ని.

"ఇప్పుడు పద, ఇంటికి పోగానే తీసి చూద్దాం," అన్నాను.

"వద్దు."

"ఎందుకు? కన్ను బాగైంది కదా."

"బాగైంది కాబట్టే వద్దు. ఇన్నాళ్లు కన్ను మంచిగలేదు, అందుకే నల్లగున్నదని అనుకోవచ్చు. ఇప్పుడు మంచి కంటితోని చూసినా గట్లనే ఉంటే? అప్పుడు ఏం చెప్పుకోవాలె నేను? సోని నీలం పోయినట్టే గదా ఇగ."

నేను ఎండ గురించి, రంగు కణాల గురించి ఏదో చెప్పబోయాను. అప్పటికే ఆరేళ్లకి సరిపడా చెప్పి ఉన్నాను.

నెలన్నర గడిచింది. పెట్టె తియ్యలేదు. ఒక కన్ను తేటగా, ఒక కన్ను మసగ్గా పెట్టుకునే మళ్లీ వంటకి వచ్చింది. కూరగాయలు తరుగుతూ మధ్యలో ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయేది. పప్పు రెండుసార్లు అడుగంటింది. కోప్పడకుండా తినేశాను.

ఒకరోజు ఎనిమిదో తరగతికి రంగుల పాఠం. మిఠాయి పెట్టెల మీద చుట్టే పసుపు రంగు పారదర్శక కాగితం తెచ్చి, నాలుగు మడతలు వేసి పిల్లలకిచ్చాను. తెల్ల కాగితం మీద ఎర్ర గీత, నీలం గీత, నల్ల గీత గీసుకుని అందులోంచి చూడమన్నాను. మీరు కూడా చేసి చూడండి. కాగితం మరీ పల్చగా ఉంటే మరో రెండు మడతలు వేయండి. వరండాలో కూర్చుని ఒకటే గోల. సాహిత్య అని ఒక పిల్ల ఉంది, దానికి ఏదీ ఊరికే ఒప్పుకునే అలవాటు లేదు.

"మేడం, ఎర్ర గీత మంచిగున్నది. నీలం గీత, నల్ల గీత ఒకటే అయిపోయినయ్! ఏది ఏదో చెప్పనీకి రావట్లే."

"కాగితం తీసి చూడు."

"తీస్తే మళ్లీ వేరేవేరే అయినయ్ మేడం. అంటే నీలం ఏడికీ పోలే. కాగితమే రానియ్యలే."

వంటగది గుమ్మంలో గిన్నె పడిన చప్పుడు. సోమ్లి వచ్చి సాహిత్య పక్కన చతికిలబడింది. "ఇటియ్యి బిడ్డా," అని కాగితం లాక్కుని కుడి కన్నుకి అడ్డం పెట్టుకుంది. చూసింది. తీసింది. మళ్లీ పెట్టింది. అలా ఎన్నిసార్లు చేసిందో. తర్వాత కాగితం ఒళ్లో పెట్టుకుని నన్ను చూసింది.

"టీచరమ్మా, సీతయ్య నలుపన్నడు."

"ఏంటి?"

"ఎలుక కొరికినాడు నేను కొన్న దారం. అది నలుపని చెప్పిండు ఆయన. నేను తిట్టి తెచ్చుకున్న." కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నిజంగ నలుపే అయితే..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేకపోయింది. ఆదివారం వస్తానన్నాను.

ఆదివారం పొద్దున తండాకి వెళ్లాను. దేవ్లా బయట మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. "రా మేడం, రా," అని మంచం ఖాళీ చేశాడు. సోమ్లి నన్ను లోపలికి పిలిచి, కిటికీ బార్లా తెరిచి, పెట్టె ముందు కూర్చుంది. తాళంచెవి చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. నేను జల్దీ చెయ్యమని అనలేదు. జీవితంలో నేను తొందరపెట్టని పని అదొక్కటే అనుకుంటాను.

చివరికి తీసింది. పాత లంగాలు, వాటి కింద న్యూస్ పేపరు పొట్లం. విప్పి, మోకాళ్ల మీద పరిచి, ఎండ వైపు తిరిగింది.

నీలం ఉంది. మీరు చూసి ఉండాల్సింది! ఎర్ర గుడ్డ అంచు వెంట నిన్న కుట్టినంత నీలం. పక్కనే, ఆ నీలాల మధ్య, నల్ల కుట్లు. ఎలుక కొరికిన చోట నలుపు, తర్వాత మళ్లీ నీలం, ఇంకోచోట నలుపు. అంచు సగం దాటాక ఒక్క చోట నీలం ఆగిపోయింది. అక్కడి నుంచి చివరిదాకా అంతా నలుపే. రెండూ ఒకే వంకర. రంగు మాత్రం వేరు.

"ఇగో ఇది దానిది," అంది సోమ్లి, వేలు ఒక నీలం కుట్టు మీద పెట్టి. "ఇది దానిదే. ఇది నాది. ఇవి మూడూ దానివి. అగో, ఈడ సూది కింద పెట్టింది. నాకు మతికున్నది, ఆకలైతున్నదే యాడీ అన్నది." యాడీ అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ చివరి నీలం కుట్టు మీద వేలు అలాగే ఉంచింది. కన్నీళ్లు కారిపోతున్నాయి. కంట్లో నీళ్లు పోనివ్వద్దని డాక్టరమ్మ చెప్పిన గడువు ఎప్పుడో దాటింది కాబట్టి నేనూ ఆపలేదు.

ఆ రోజు సీతయ్య మాట విని సరైన నీలం తెచ్చుకుని ఉంటే, ఏ కన్నుతో చూసినా ఏ కుట్టు ఎవరిదో పోల్చుకోవడం ఆమె వల్లయ్యేది కాదు. తప్పు దారం తెచ్చింది కాబట్టి బిడ్డ కుట్లు బిడ్డకి దక్కాయి. నేను సైన్సు చెప్పేదాన్ని కదా, ఇలాంటి వాటిని ఏమనాలో నాకు తెలియదు.

సోమ్లి లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి దేవ్లాని పిలిచింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ గుడ్డ ఇంకొకరి చేతిలో పెట్టింది. ఆ ముసలాయన చూడగానే గుర్తుపట్టాడు. గుమ్మంలోనే కూలబడి, వాళ్ల భాషలో మెల్లగా ఏదో అన్నాడు. ఏమన్నాడని తర్వాత అడిగితే సోమ్లి చెప్పింది. "ఆ దినం దీన్ని మస్తు దేవులాడిండట. దాని తోటి పెడదామని. దొరకలే, బిడ్డ కుట్టింది బిడ్డకు ఇయ్యలేకపోతినని ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్నడట." ఆ మాట చెబుతూ ఏడ్చింది, నవ్వింది కూడా.

ఇక రెండో కన్ను. ఎండాకాలం అయిపోయేలోపు రమ్మని దవాఖానా వాళ్లు తారీఖు వేసిన చీటీ ఇచ్చారు. నేను సెలవు పెట్టుకుని, బస్సు టైము కూడా కనుక్కుని వెళ్లాను. సోమ్లి చీటీ ముట్టుకోలేదు.

"ఈ కన్ను గట్లనే ఉండని, టీచరమ్మా."

"ఏంటి? పిచ్చి గానీ పట్టిందా నీకు? ఒక కన్ను అంత బాగయ్యాక రెండోది ఎందుకు వద్దు?" నా కోపం మామూలుగానే ముక్కు మీదికి వచ్చేసింది.

ఆమె గుడ్డ తెచ్చి ఒళ్లో పరిచింది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది. "ఈ కొత్త కంటితోని చూస్తే దానివి దానికి, నావి నాకు. అది ఏడ ఆపిందో తెలుస్తది." చెయ్యి మార్చి కుడి కన్ను మూసుకుంది. కాసేపు గుడ్డనే చూస్తూ ఉంది. "ఈ పాత కంటితోని చూస్తే అంత ఒక్కతీరే ఉంటది. నాది లేదు, దానిది లేదు. అది ఆపనే లేదు, టీచరమ్మా. కుట్టుకుంట కుట్టుకుంట అంచు దాక పోయింది."

ఇరవై ఆరేళ్లు సైన్సు చెప్పిన నోరు నాది. కటకం గురించి, వెలుగు గురించి నాకు తెలిసినవన్నీ నోటిదాకా వచ్చాయి. ఈసారి ముందు ఆమె మొహం చూశాను. చీటీ మడిచి నా బ్యాగులో పెట్టుకుని, వానలు వెళ్లాక మళ్లీ అడుగుతానన్నాను. సోమ్లి తల ఊపింది, కుడి కన్ను మీద నుంచి చెయ్యి తియ్యకుండానే.